ఏడు పేజీల మురుగు

మా బావగారు డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకి నేను వంటింటి కిటికీలు రెండూ బార్లా తెరిచి పెట్టేదాన్ని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టకముందే వాసన లోపలికి వచ్చేసేది. కుళ్ళిన కూరగాయలు, సబ్బు నురుగు, ఇంకా పేరు చెప్పుకోలేనివి ఎన్నో కలిసిన వాసన.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. భార్య పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లోనే ఉంటున్నారు. ఊరి మురుగునీటిని ఎత్తిపోసే పంపు హౌసులు ఏడున్నాయి, వాటిలో ఆఖరిదానికి ఆయన ఆపరేటరు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. వచ్చీ రాగానే పెరటి కుళాయి దగ్గర ఒకసారి, స్నానాల గదిలో ఇంకోసారి ఒళ్ళు రుద్దుకునేవారు. అయినా ఆ వాసన చెవుల వెనకో గోళ్ళ సందుల్లోనో దాక్కుని భోజనాల బల్ల దాకా వచ్చేది. మా అమ్మాయి ముక్కు ముడుచుకుని కుర్చీ అటు జరుపుకునేది. నేను దాన్ని కసురుకున్నట్టు నటించేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు పళ్ళెం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఆయన వెళ్ళాక నేను హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవాలంటే నా మీద నాకే రోత పుడుతుంది.

నిజానికి నేను బతికిందీ ఆ మురుగు మీదే. అదే సంస్థలో, హెడ్డాఫీసు మూడో అంతస్తులో, సమాచార విభాగంలో నా ఉద్యోగం. తేడా అల్లా నా మురుగుకి వాసన లేదు. అది కంప్యూటరు తెర మీద రంగు గీతగా కనిపించేది, అంతే. పదకొండేళ్ళలో నేను ఒక్క పంపు హౌసు గడప కూడా తొక్కలేదు.

ఊరు చదునుగా ఉంటుంది కాబట్టి మురుగు తనంతట తాను పారదు. మొదటి పంపు హౌసు తన బావిలో చేరినదాన్ని ఎత్తి రెండోదానికి పోస్తుంది, రెండోది మూడోదానికి, అలా ఏడోదాకా. దారిలో వీధుల మురుగంతా కలుస్తూ పోతుంది. ఏడోది శుద్ధి కేంద్రానికి పంపిస్తే, వాళ్ళు శుభ్రం చేసి ఏట్లోకి వదులుతారు. ఈ ఏడింటికీ ఏడు పేజీలు తయారు చేసింది నేనే. బావిలో నీటిమట్టం మామూలుగా ఉంటే పేజీ పచ్చగా ఉంటుంది, పెరుగుతుంటే పసుపు, గీత దాటితే ఎరుపు. ఎర్రబడ్డ నిమిషాలు ఎంత తక్కువైతే ఆ పంపు హౌసుకి అంత ఎక్కువ మార్కులు. ఎక్కువ లీటర్లు ఎత్తితే దానికి ఇంకొన్ని మార్కులు. మూడు నెలలకోసారి ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళకి ఒక కప్పు. ఆపరేటర్లు నిద్రపోకుండా ఒక బటన్ కూడా పెట్టాను. అరగంటకోసారి నొక్కకపోతే మనిషి సీట్లో లేనట్టు లెక్క.

కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద పెద్ద చదరం గీసి చూపించేదాన్ని. "వ్యవస్థ అంటే ముందు ఒక హద్దు. హద్దు లోపల ఉన్నది మనది, బయట ఉన్నది పరిసరం. ఇటునుంచి ఒకటి వస్తుంది, అటునుంచి ఒకటి పోతుంది" అని. వాళ్ళు శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. నేను చేతికంటిన సుద్ద దులుపుకునేదాన్ని.

మా విభాగాధిపతికి ఆఫీసులో అందరూ పెట్టుకున్న పేరు పచ్చలైటు. గోడ మీది పెద్ద తెరలో ఏడు పేజీలూ పచ్చగా ఉంటే ఆయన మొహం వెలిగిపోయేది. ఆ రోజు ఎవరు సెలవడిగినా ఇచ్చేవాడు. ఎప్పుడు చూసినా ఆరు పచ్చగానే ఉండేవి. ఏడోదే ఎర్రబడి ఆయన ప్రాణం తీసేది. "మీ బావగారి పంపు హౌసు కదండీ అది?" అని నవ్వుతూ అడిగేవాడు. ఆ నవ్వుకి నా తల కొట్టేసినట్టయ్యేది.

ఒక రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. ఏడో పేజీ ఎర్రబడింది. మూడు వందల పదకొండు నిమిషాల పాటు అలాగే ఉండిపోయింది. ఆ పంపు హౌసు వెనక వీధి ఊరంతటికీ పల్లం. అక్కడ పదకొండిళ్ళు ఉన్నాయి. బావిలో పట్టని మురుగు వెనక్కి తన్ని ఆ ఇళ్ళ స్నానాల గదుల తూముల్లోంచి పైకి పొంగింది. జనం ఫోటోలు తీసి ఊరంతా తిప్పారు. పై నుంచి అడిగితే ఎవరో ఒకరిని చూపించాలి కదా. నా పేజీ చూశారు. ఎర్రగా ఉంది. అంతకంటే ఘోరం, సరిగ్గా మురుగు పొంగే వేళలో ఆపరేటరు రెండుసార్లు బటన్ నొక్కలేదు. మనిషి సీట్లో లేడు. బావగారికి మెమో ఇచ్చి, విచారణ వేశారు. విధి స్థలం వదిలి వెళ్ళాడని తేలితే ఉద్యోగం ఊడుతుంది.

"ఆ పేజీల అంకెలు శుక్రవారం కమిటీ ముందు మీరే చదివి వినిపించాలి," అన్నాడు పచ్చలైటు, నెల తిరగబోతుండగా. "మీ బావగారే అయినా సరే, అంకెలకి బంధుత్వాలుండవు కదా."

నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ అంకెల వైపే ఉన్నాను. రోజూ కంపు కొట్టుకుంటూ వచ్చే మనిషి, ఆ కంపు పదకొండిళ్ళలోకి పోతుంటే సీటు వదిలి ఎటో తిరగడానికి పోయాడని నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం నేనే వరండాలోకి వెళ్ళి అడిగాను.

"బావగారూ, ఆ గంటసేపు ఎక్కడికి వెళ్ళారు?"

"వీధిలోకి వెళ్ళానమ్మాయ్," అన్నారు పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"వీధిలో ఏం పని మీకు?"

"నీళ్ళు పైకి తంతున్నాయని చెప్పాలి కదా. తూముల్లో గోనెపట్టాలు కుక్కి, పైన ఇటుకలు పెట్టుకోమని చెప్పొచ్చా. కొంతమంది పెద్దవాళ్ళు వంగలేరు. వాళ్ళకి నేనే పెట్టొచ్చా. వాటిలో నాలుగిళ్ళల్లో స్నానాల గది దాటి రాలేదు చూడు."

"మరి బటన్?"

"బటన్ నొక్కితే నీళ్ళు ఆగుతాయా?" ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. "నాకు వచ్చింది వచ్చినట్టు పంపేద్దామంటే శుద్ధి కేంద్రం వాళ్ళు గేటు మూసేశారు. ఎక్కడికి పంపను? పైగా వచ్చినవే మళ్ళీ వస్తున్నాయమ్మా."

"వచ్చినవే మళ్ళీ రావడమేంటి బావగారూ?"

ఆయన చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చారు. పాత లెక్కల పుస్తకం, అట్ట నానిపోయి ఉబ్బింది. నేను రెండు వేళ్ళతో పట్టుకున్నాను. అందులో ప్రతి సోమవారం దగ్గరా ఒకే మాట ఉంది: వంకాయ రంగు. ఎగువన ఒక అద్దకం కార్ఖానా ఉందట. సోమవారం పొద్దున మాత్రమే వాళ్ళు రంగు తొట్లు కడుగుతారు. ఆ రంగు నీళ్ళు మధ్యాహ్నానికి ఏడో బావికి చేరతాయి. అది సరే. కానీ అవే నీళ్ళు సోమవారం రాత్రి కొంచెం వెలిసి మళ్ళీ వచ్చాయి. మంగళవారం పొద్దున ఇంకా వెలిసి ఇంకోసారి వచ్చాయి. రెండేళ్ళ పాటు టైములతో సహా రాసి పెట్టారు.

"ఇది ఎవరికైనా చెప్పారా?"

"మూడుసార్లు అర్జీ పెట్టా. మీ పేజీలో రంగు రాసే చోటు లేదన్నారు."

మర్నాడు నేను సెలవు పెట్టి, పదకొండేళ్ళలో మొదటిసారిగా, మురుగు చూడటానికి బయల్దేరాను.

మూడో పంపు హౌసు ఆపరేటరు నన్ను చూసి తెగ సంబరపడిపోయాడు. హెడ్డాఫీసు నుంచి మనిషి రావడం అతని సర్వీసులో ఇదే మొదలట. గదిలో బల్ల మీద మూడు కప్పులు తళతళా మెరుస్తున్నాయి. కింద గొయ్యిలో బావి నోరు తెరుచుకుని ఉంది. నల్లగా, చిక్కగా, బుడగలు చిట్లుతూ. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"వరసగా మూడుసార్లు కప్పు మాదేనండీ," అన్నాడు. "ఒక్క నిమిషం ఎర్రబడం, లీటర్లకీ లోటు లేదు."

"రెండోవాళ్ళు పంపేది రెండు కోట్ల లీటర్లు. మీరు ఎత్తేది ఏడు కోట్లు. మధ్యలో అన్ని వీధులు కూడా లేవు. ఎలాగండీ?"

"కష్టపడతాం కాబట్టండీ!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"బావి నిండుతుంటే ఏం చేస్తారు?"

"పసుపు కనిపిస్తే చాలండీ, మోటార్లన్నీ ఒకేసారి వేసి తోసేస్తాం. ఎరుపు దాకా రానివ్వం. మీరు పెట్టిన రూలే కదండీ?"

"అవతలివాళ్ళ బావిలో చోటుందో లేదో చూడరా?"

"అది వాళ్ళ పేజీ కదండీ," అన్నాడు నా అమాయకత్వానికి జాలిపడుతూ. "మాకు కనబడదు. మేం తొయ్యకపోతే మాకు ఎరుపొస్తుంది."

నాలుగోవాడూ అదే చెప్పాడు. ఐదో పంపు హౌసులో ఆవిడ టీ కూడా ఇచ్చి అదే చెప్పింది. ఆ గొయ్యి పక్కన నిలబడి తాగిన టీ గొంతు దిగడానికి నేను పడ్డ అవస్థ ఆవిడ చూసి, "అలవాటైపోతుందమ్మా" అంది. ఆరోవాడు సంవత్సరంలో పదకొండు నిమిషాలే ఎర్రబడ్డాడట. గోడకి ప్రశంసాపత్రం తగిలించుకున్నాడు. కింద సంతకం మా పచ్చలైటుది. ఎవడూ దొంగ కాదు. ఎవడూ పని ఎగ్గొట్టలేదు. ఆరుగురూ బుద్ధిగా రూలు పాటించి, ఊళ్ళోని కంపునంతా మడత పెట్టి మా బావగారి నెత్తిన పోశారు. మొహాన ఉమ్ముదామన్నా ఎవరి మొహమో తేలని పరిస్థితి. ఒక్క దొంగ దొరికి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

శుద్ధి కేంద్రంలో ఒక ఇంజనీరు తెల్లచొక్కా నలక్కుండా కూర్చుని ఉన్నాడు. వాళ్ళకి మార్కులు వదిలే నీళ్ళ శుభ్రాన్ని బట్టి. ఆ పేజీ మాది కాదు, మా పక్కగదివాళ్ళది. పన్నెండు అంగుళాల గోడ అవతల కూర్చుని వాళ్ళు ఏం చేస్తున్నారో నేనెప్పుడూ అడగలేదు.

"ఎక్కువ మురుగు ఒక్కసారే వచ్చిపడితే ఏం చేస్తారు?" అని అడిగాను.

"గేటు దించేస్తాం. అప్పటికే లోపలికి వచ్చిన ఎక్కువ నీటిని వెనక్కి పంపిస్తాం. పాతకాలం గొట్టం ఒకటుందిలెండి."

"ఆ గొట్టం ఎక్కడికి పోతుంది?"

అతను గోడ మీది మాసిపోయిన పటం దగ్గరికెళ్ళి వేలితో దారి పట్టుకుంటూ పోయాడు. వేలు మూడో పంపు హౌసు దగ్గర ఆగింది.

"ఇదేదో మూడోదిలా ఉంది," అన్నాడు. "ఏం, ఏమైనా ఇబ్బందా?"

అక్కడే కుర్చీలో కూలబడి లెక్క వేశాను. ఊరి కుళాయిల్లోకి రోజుకి వదిలే మంచినీళ్ళు నాలుగు కోట్ల లీటర్లు. వాన చుక్క పడని రోజున కూడా ఏడో పంపు హౌసు తొమ్మిది కోట్ల లీటర్ల మురుగు ఎత్తుతోంది. తాగినవాళ్ళూ కడుక్కున్నవాళ్ళూ కలిసి వాడినదానికంటే రెట్టింపు మురుగు ఊళ్ళో ఎక్కణ్ణుంచి పుడుతుంది? ఎక్కణ్ణుంచీ పుట్టదు. అదే మురుగు మూడు నుంచి ఏడు దాకా, ఏడు నుంచి శుద్ధి కేంద్రానికి, అక్కణ్ణుంచి మళ్ళీ మూడుకి గిరగిరా తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ మేం లీటర్లు లెక్కగట్టి మార్కులేశాం. చప్పట్లు కొట్టి కప్పులిచ్చాం. వాన పడిన రోజున, అసలే తిరుగుతున్నదానికి వాననీరు తోడై, పల్లంలో ఉన్న పదకొండిళ్ళలోకి తన్నింది. ఏడు పేజీలు పక్కపక్కన పెట్టి ఒక్కసారి కూడితే మూడో తరగతి పిల్లకి తెలిసే సంగతి ఇది. ఏ ఒక్కరమూ కూడలేదు. కూడటానికి పేజీ లేదు.

తిరిగి వస్తూ ఆ పల్లం వీధికి వెళ్ళాను. నెల రోజులైనా గోడల మీద మోకాలెత్తున నల్లటి చార అలాగే ఉంది. ఒక పెద్దావిడ ముందుగదిలో నేల మీద కూర్చుని బ్రష్షుతో గచ్చు గీకుతోంది. పరుపు బయట ఎండలో పడేసి ఉంది, ఇక పనికిరాదు. ఆఫీసు నుంచి వచ్చానని చెప్తే ఆవిడ కుర్చీ వేయబోయి, కుర్చీ కాళ్ళకున్న మరకలు చూసుకుని ఆగిపోయింది.

"ఆ పంపాయన ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగింది. "ఆ రోజు మా తూములో పట్టా కుక్కడానికి బోర్లా పడుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది పాపం. మొహం మీదికే తన్నింది. అయినా లేవలేదు."

నాకు కళ్ళ ముందు మా భోజనాల బల్ల కనిపించింది. కుర్చీ జరుపుకునే కూతురూ, కిటికీలు తెరిచే నేనూ. ఛీ అనుకున్నాను. ఈసారి మురుగుని కాదు.

శుక్రవారం పదకొండింటికి విచారణ. ఐదో అంతస్తులో చల్లటి గది, పూల వాసన చిమ్మే డబ్బా ఒకటి మూలన నిమిషానికోసారి బుస్సుమంటోంది. బల్లకి అటువైపు సంస్థ పెద్దాయన, సిబ్బంది అధికారిణి, పచ్చలైటు. ఇటువైపు బావగారు, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలో, కుర్చీ అంచు మీద. ఆయన కూర్చున్న వైపు నుంచి అధికారిణి తన కాగితాలు కొంచెం అటు లాక్కుంది. ఏమీ వాసన లేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

నేను అంకెలు చదవలేదు. ఏడు పేజీలు అచ్చు వేయించి తెచ్చి గోడకి వరసగా అంటించాను. పక్కగదివాళ్ళని బతిమాలి తెచ్చిన శుద్ధి కేంద్రం పేజీని చివర పెట్టాను. దాన్నుంచి మూడో పేజీ దాకా స్కెచ్ పెన్నుతో వెనక్కి ఒక బాణం గీశాను. వంకాయ రంగు నోటు పుస్తకం బల్ల మీద పెట్టాను. అప్పుడు చెప్పాను.

"ఏ పంపు హౌసుకి ఆ పంపు హౌసు బాగా పని చేస్తోందండీ. అన్నీ కలిసి ఊరిని ముంచుతున్నాయి. తన బావి ఎర్రబడకుండా చూసుకోమని మనమే చెప్పాం, అందరూ అదే చేస్తున్నారు. ఏడోదానికి తొయ్యడానికి చోటు లేదు, అందుకే ఎర్రబడుతోంది. ఈ ఎరుపు ఆయన తప్పు కాదు. మొత్తం వ్యవస్థలో నిజం చెబుతున్న పేజీ ఇదొక్కటే. తప్పు పేజీలు గీసినదానిది. అంటే నాది."

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని గోడ దగ్గరికొచ్చారు. బాణం మీద వేలు పెట్టి మొత్తం తిరిగి చూశారు. ఆయన మొహంలో నిజమైన ఆనందం కనిపించింది.

"అద్భుతం," అన్నారు. "ఇలా మొత్తంగా ఎవరూ చూడలేదు ఇన్నాళ్ళూ. దీన్ని ఎనిమిదో పేజీగా పెట్టాలి."

"తప్పకుండా సార్," అన్నాడు పచ్చలైటు, ఆలోచన తనదే అయినట్టు.

నా గుండె కుదుటపడింది. బావగారి వైపు చూశాను. ఆయన గోడ మీది బాణాన్ని కాదు, కిటికీలోంచి మబ్బుని చూస్తున్నారు.

"అయితే తప్పు ఎవరిదీ కాదన్నమాట," అన్నారు పెద్దాయన కూర్చుంటూ. "ఇది వ్యవస్థలోని లోపం. మరి ఈ విచారణ మూసేద్దామా?"

సిబ్బంది అధికారిణి కంప్యూటరు తన వైపు తిప్పుకుంది. కొంతసేపు కొట్టి, తల ఎత్తింది. "మూసుకోవడం లేదండీ. 'బాధ్యులు' అన్న గడి నింపకుండా ఒప్పుకోవడం లేదు. ఒక ఉద్యోగి సంఖ్య వేయాల్సిందే."

ఆ ఫారం కూడా నేను తయారు చేసిందే. ఎవరి మీదా తేల్చకుండా ఫైళ్ళు మూసేస్తున్నారని నాలుగేళ్ళ కింద నేనే పట్టుబట్టి ఆ గడిని తప్పనిసరి చేశాను.

"నా నంబరు వెయ్యండి," అన్నాను. ఆవిడ కదలకపోతే నేనే లేచి కీబోర్డు లాక్కుని నా సంఖ్య కొట్టాను. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఈ సంఖ్య ఏ పంపు హౌసుకూ చెందదు. మళ్ళీ కొట్టాను. అదే మాట. మా విభాగంలోవాళ్ళ మీద తప్పు పడే అవకాశమే లేకుండా హద్దు గీశాను నేను. అది కావాలని చేసింది కాదు. ఆ రోజు మేం ఎవరమూ గుర్తుకు కూడా రాలేదు.

"పోనీ అలాగే ఉంచెయ్యండి, తర్వాత చూడొచ్చు," అన్నాను.

పచ్చలైటు గొంతు సవరించుకున్నాడు. "అది కుదరదు. విచారణ ముప్పై రోజులు దాటితే మన విభాగం పేజీ ఎర్రబడుతుంది. ఇవాళ ముప్పయ్యో రోజు. సోమవారం పైవాళ్ళు చూస్తారు."

"మీకు ఇప్పుడే కదా చెప్పాను," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "ఎర్రబడకుండా అవతలికి తోసెయ్యడమే జబ్బని ఇప్పుడే కదా మీరంతా తలలూపారు!"

"మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం," అన్నారు పెద్దాయన మెత్తగా. "అందుకే ఎనిమిదో పేజీ. కానీ ఇది వేరే ఫైలు."

"మిగతా ఆరుగురూ పచ్చలో ఉన్నారు," అంది అధికారిణి. ఆవిడ మనసు చెడ్డది కాదు, చెప్పేటప్పుడు కళ్ళు దించుకుంది. "వాళ్ళ నంబరు వేస్తే కారణం అడుగుతుంది. ఈయనకైతే బటన్ కారణం ముందే పడి ఉంది."

మూలనున్న డబ్బా బుస్సుమని పూల వాసన చిమ్మింది. అంత అసహ్యమైన వాసన నేను ఆ బావుల దగ్గర కూడా చూడలేదు.

"అమ్మాయ్," అన్నారు బావగారు. "నా నంబరు కొట్టెయ్యి."

"బావగారూ, ఉద్యోగం పోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళు..."

"తెలుసు. ఎలాగూ వాళ్ళు కొట్టేదే. సాయంత్రం దాకా నన్నిక్కడ కూర్చోబెట్టి కొట్టే బదులు ఇప్పుడే కొట్టేస్తే నేను పోతాను. మబ్బు చూశావా ఎలా పట్టిందో? వీధిలో చెప్పాలి." ఆయన ఒక్కొక్క అంకె నిదానంగా, చిన్నపిల్లకి పలక మీద రాయించినట్టు చెప్పారు. "మూడు. సున్నా. తొమ్మిది. నాలుగు. నాలుగు."

నేను కొట్టాను. ఇంకెవరో కొడితే చూస్తూ కూర్చోవడం కంటే నేనే కొట్టడం నయమని ఆ క్షణంలో అనిపించింది. ఎందుకలా అనిపించిందో ఇవాళ్టికీ నాకు అర్థం కాదు. ఫారం ఒప్పుకుంది. విచారణ ముగిసింది అని చూపించింది. అధికారిణి ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఆర్డరు అచ్చు తీసి బావగారి ముందు పెట్టింది. ఆయన చదవకుండా సంతకం చేసి, పెన్ను జాగ్రత్తగా మూత పెట్టి తిరిగిచ్చారు.

లేచి నిలబడి పెద్దాయన్ని అడిగారు. "రేపట్నుంచి నా చోట్లో ఎవరొస్తారండీ?"

"కొత్తతన్ని వేస్తాం. కుర్రాడు, చురుగ్గా ఉంటాడు."

"ఒక్క మాట అతనికి చెప్పండి. బావి నిండుతుంటే ముందు వీధిలోకెళ్ళి చెప్పి రమ్మనండి. పదకొండిళ్ళే. గంట కూడా పట్టదు."

పచ్చలైటు తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, ఓపిగ్గా, ఇంత తేలిక సంగతి ఇంకా అర్థం కాలేదా అన్నట్టు. "అతను బటన్ దగ్గర్నుంచి కదలడండీ. ఇకమీదట ఏ ఆపరేటరూ కదలడు. మీ ఆర్డరు కాపీ ఏడు పంపు హౌసుల్లోనూ గోడకి అంటించేది అందుకే కదా."

బావగారు ఆయన మొహంలోకి కాసేపు చూశారు. నా భుజం మీద చెయ్యి వేయబోయి, అలవాటు కొద్దీ ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి మెట్లు దిగిపోయారు.

ఆయన కింద వాకిలి దాటకముందే చినుకులు మొదలయ్యాయి. నేను కూడా లేచి ఆయన వెనకే వెళ్ళాల్సింది. ఆ గదినీ ఆ మనుషుల్నీ చూస్తే రోత పుట్టింది, అయినా కుర్చీలోనే ఉండిపోయాను. పెద్దాయన గోడ మీది నా బాణం వైపు మెచ్చుకోలుగా చూస్తూ, ఎనిమిదో పేజీలో దానికి ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగారు.

నేను చెప్పాను.